రెండో ప్లాన్

నేను కొండలెక్కే మనిషిని కాను. ఈ మాట ముందే చెప్పేస్తే ఒక గొడవ వదిలిపోతుంది. బస్తర్‌లో ఇనుప ఖనిజం తవ్వే ఒక టౌన్‌షిప్‌లో, బీమా కంపెనీ బ్రాంచిలో పందొమ్మిదేళ్లు పనిచేశాను. గని ఉన్న కొండ మా ఆఫీసు కిటికీలోంచి రోజూ కనిపించేది. పందొమ్మిదేళ్లలో దాని మీదికి రెండే రెండుసార్లు వెళ్లాను, రెండుసార్లూ జీపులోనే. అయినా ఆ చుట్టుపక్కల నుంచి హిమాలయాలకు నడవబోయే వాళ్లెవరైనా మొదట నా బల్ల దగ్గరికే వచ్చేవాళ్లు. ప్రయాణాల బీమా రాసేది నేనే మరి. ఈత రానివాడు పడవలు అమ్మినట్టు సాగింది నా ఉద్యోగం.

కిందటి నెల మా పాత కంపెనీవాళ్లు కొత్తగా చేరిన పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. వెళ్లాను. ట్రెకింగ్‌కు వెళ్లేవాళ్లకు పాలసీ ఎంచిపెట్టేటప్పుడు ఏమేం చూడాలో చెప్పాను. ఎంత ఎత్తు వరకు వర్తిస్తుందో చూడండి, తాడు కట్టుకుని ఎక్కడాన్ని సాహస క్రీడ అని పక్కన పెట్టారేమో చూడండి, పాత జబ్బులు దాచొద్దని చెప్పండి, ఆస్పత్రి ఖర్చు కంపెనీ నేరుగా కడుతుందో, ముందు మనం కట్టి తర్వాత బిల్లులు పంపాలో గట్టిగా అడగండి అన్నాను. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. అసలు చెప్పవలసింది మాత్రం గొంతులోనే ఉండిపోయింది. శాలువా కప్పుకుని నిలబడి తన తప్పు ఒప్పుకోవడం ఎవరికైనా కొంచెం కష్టమే. అందుకే ఇంటికొచ్చి కాగితం ముందేసుకున్నాను.

మా టౌన్‌షిప్ గురించి కొంచెం చెప్పాలి. లేకపోతే మేం అందరం కలిసి చేసిన తప్పు మీకు అర్థం కాదు, ఒట్టి తెలివితక్కువతనంలా కనిపిస్తుంది. గని కొండ మీద, ఇళ్లు కొండ కింద. కంపెనీ బస్సులు మనుషుల్ని పైకి తీసుకెళ్లి షిఫ్టు అయ్యాక దించేవి. పైన ఎవరికైనా దెబ్బ తగిలితే సైరన్ మోగేది. సైరన్ మోగిందంటే గేటు దగ్గర సిద్ధంగా ఉండే అంబులెన్సు ఘాట్ రోడ్డు ఎక్కేది. చూస్తుండగానే మనిషి కంపెనీ ఆస్పత్రిలో మంచం మీద ఉండేవాడు. అందుకోసం ఎవరూ ఎవర్నీ బతిమాలనక్కర్లేదు, ఎక్కడా సంతకం పెట్టనక్కర్లేదు. మా వీధిలో కూరగాయలు అమ్మే ఆవిడను పాము కరిస్తే కూడా అదే అంబులెన్సు వచ్చింది. కుళాయి తిప్పితే నీళ్లొచ్చినట్టు, మనిషి పడిపోతే కిందికి దించుతారని మాకందరికీ ఎముకల్లో ఇంకిపోయింది. దించడమనేది డబ్బిచ్చి కొనుక్కునే వస్తువని మాలో ఎవరికీ తోచలేదు.

అంబులెన్సు దించినా దక్కని వాళ్లూ ఉండేవారు. వాళ్ల ఇళ్లకు చెక్కు పట్టుకెళ్లే పని నాది. తెలుగువాళ్ల ఇంటికి తెలుగు వచ్చినవాడే వెళ్లాలని మా బ్రాంచి మేనేజరు నియమం పెట్టాడు. ఆయన బిహారు మనిషి, ఏడ్చేవాళ్లతో వాళ్ల భాషలో మాట్లాడకపోతే పాపం అనేవాడు. నేను వెళ్లి చాప మీద కూర్చుని, వాళ్లిచ్చిన నీళ్లు తాగి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించేవాణ్ణి. ఆ కాగితం చూసి ఆడవాళ్లు ఇంతేనా అని అడిగేవాళ్లు కాదు గానీ, నాకే అనిపించేది ఇంతేనా అని. అలా వెళ్లగా వెళ్లగా నాలో ఒక మొండి అభిప్రాయం గట్టిపడింది. బీమా అంటే పోయినవాడి ఇంటికి అందేది, అది ఎంత పెద్దదైతే అంత మంచిది. ఆ అభిప్రాయంలో దయ లేదనను. ఉంది కాబట్టే దాన్ని ఎప్పుడూ అనుమానించలేదు.

ఇక మా గనిలో కొండల పిచ్చి ఉన్నవాళ్ల సంఘం ఒకటుండేది. దాని పెద్ద శ్రీకాకుళం నుంచి వచ్చిన బ్లాస్టింగ్ ఫోర్‌మన్. వారమంతా కొండను మందుపెట్టి పేల్చి, ఆదివారం మళ్లీ అదే కొండను అడవి దారిన ఎక్కే మనిషిని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు. బరువు అలవాటు కావాలని వీపు సంచుల్లో ఇనుప రాళ్లు వేసుకునేవాళ్లు. మా రాళ్లతో అదొక సౌకర్యం, కొబ్బరికాయంత రాళ్లు రెండు వేస్తే చాలు, భుజాలు దిగిపోతాయి. నర్సు ఒకావిడ, కంపెనీ స్కూల్లో లెక్కల మాస్టారు, ఖనిజం ఎత్తిపోసే షావెల్ యంత్రం నడిపే సర్దార్జీ, ఇలా అందరూ ఉండేవారు. ఏడాదికో రెండేళ్లకో సెలవులు కలుపుకుని హిమాలయాలకు వెళ్లొచ్చి, ముక్కుల మీద తోలు ఎండకు ఊడిపోయి, ఫోటోలు చూపించి మా ప్రాణం తీసేవాళ్లు.

వాళ్లలో అందరికంటే బాగా నడిచేవాడు డ్రిల్ ఆపరేటరు ఒకతను. కోంటా బ్లాకులో గొల్లపల్లి వైపు పల్లె అతనిది. అక్కడివాళ్లు మాట్లాడే తెలుగు మా గోదావరి తెలుగులా ఉండదు, భద్రాచలం వైపు మాటలా ఉంటుంది. ఇంట్లో ఆ తెలుగు, సంతలో గోండి, బస్సులో హల్బీ, గనిలో హిందీ మాట్లాడేవాడు, ఎక్కడా తడబడేవాడు కాదు. నేను మాత్రం పందొమ్మిదేళ్లలో హిందీ ఒక్కటి నేర్చుకుని గొప్పగా తిరిగాను. చిన్నప్పుడు తండ్రితో చింతపండు గంపలు మోసుకుని జగర్గుండా సంతకు రెండు రోజులు నడిచిన కాళ్లు అవి. వాళ్ల ఊళ్లో పర్మనెంటు ఉద్యోగం వచ్చిన మొదటి మనిషి. మాట తక్కువ, మొహమాటం ఎక్కువ. నన్ను చూస్తే బీడీ వెనక్కి దాచేవాడు. అక్కర్లేదయ్యా అని ఎన్నిసార్లు చెప్పినా మానలేదు.

ఆ ఏడాది సంఘం నేపాల్ వెళ్లాలనుకుంది. పదకొండు మంది. అంతవరకు దేశంలోని కొండలే ఎక్కారు, ఇది పరాయి దేశం, ఇంకా ఎత్తు. బీమా లేనిదే తీసుకెళ్లనని అక్కడి ట్రెకింగ్ ఏజెంటు ఉత్తరం రాశాడు. ఫోర్‌మన్ ఆ ఉత్తరం పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

మా దగ్గర అప్పట్లో రెండు ప్లాన్లుండేవి. ప్రీమియం ఇంచుమించు ఒకటే. మొదటి ప్లానులో, కొండ మీద జబ్బు చేసినా దెబ్బ తగిలినా హెలికాప్టరులో దించే ఖర్చు కంపెనీది. ఫోన్ చేస్తే చాలు, అక్కడికక్కడే హామీ ఇస్తుంది. మనిషి పోతే ఇంటికి వచ్చేది మామూలు మొత్తం. రెండో ప్లానులో దించే షరతు లేదు, కానీ పోతే ఇంటికి రెట్టింపు వస్తుంది. ఏది తీసుకోవాలో నన్నే చెప్పమన్నారు. రిక్రియేషన్ క్లబ్బు హాల్లో ఒక సాయంత్రం అందరూ కూర్చున్నారు, నేను నిలబడి చెప్పాను. చెప్పడం ఏమిటి, వాదించాను. నేను చెక్కులిచ్చిన ఇళ్లను తలుచుకుని రెండో ప్లాను వైపు వాదించాను. హెలికాప్టరు సినిమాల్లో వస్తుంది గానీ మనకెందుకు, ఇంట్లోవాళ్ల సంగతి చూడండి అన్నాను. అందరూ తలలూపారు. సైరన్ మోగితే అంబులెన్సు వచ్చే ఊరి మనుషులు కదా, తలలు ఊపక ఏం చేస్తారు.

ఊపనివాడు ఒక్కడే. వెనక బెంచీలోంచి డ్రిల్ ఆపరేటరు లేచాడు. ఆ హాల్లో అతను లేచి మాట్లాడటం నేను చూడటం అదే మొదటిసారి.

“సార్, మరి నడవలేని రోజు వస్తే మనిషిని కిందికి ఎవరు తెస్తరు?”

నాకు ఆ ప్రశ్న అడ్డొచ్చినట్టనిపించింది, ఎందుకంటే నా ఉపన్యాసం బాగా నడుస్తోంది. “నువ్వు నడవలేని రోజంటూ వస్తే ఆ కొండే నిన్ను మోసుకొస్తుంది తమ్ముడూ” అన్నాను. హాలంతా నవ్వింది. అతనూ నవ్వి కూర్చున్నాడు. నా జీవితంలో చాలా జోకులు వేశాను, చాలావరకు మరిచిపోయాను. ఇది మరిచిపోదామంటే కుదరడం లేదు.

అక్కడితో ఆగి ఉంటే నేను పొరపాటు పడ్డానని చెప్పుకుని ఊరుకునేవాణ్ణి. రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం అతను ఆఫీసుకొచ్చాడు. షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, ఒంటి నిండా ఎర్ర దుమ్ము. కుర్చీ మాసిపోతుందని కూర్చోలేదు. చెప్పులు కూడా గుమ్మం బయటే విడిచాడు.

“సార్, మా ఇంటిది ఒక మాట అడిగి రమ్మన్నది” అన్నాడు.

“ఏంది ఆ మాట?” అన్నాను, వాళ్ల యాసను కాస్త ఆటపట్టిస్తూ.

“నాకొక్కనికి మొదటి ప్లాను రాసుడు అయితదా అని. పైసలు తక్కువొచ్చినా మంచిదేనంట. మనిషి మళ్ల ఇంటికి రావాలె అంటది.”

అవుతుంది. అలా ఒక్కరికి విడిగా రాయవచ్చు. కాకపోతే అతని పేరు గుంపు జాబితాలోంచి తీసి, మిగతా పదిమందివీ మళ్లీ టైపు చేయించాలి, మూడు కార్బన్లతో. మా టైపిస్టు కేరళ ఆవిడ, అప్పటికే ఆ జాబితా రెండుసార్లు కొట్టి నన్ను కొరకొరా చూసి ఉంది. విడి ప్రపోజలుకు మేనేజరు సంతకం కావాలి, ఆయన భోజనానికి వెళ్లాడు. ఇవన్నీ కారణాల్లా కనిపిస్తాయి గానీ కారణాలు కావు. నాకు బద్ధకమేసింది. దాంతోపాటు హాల్లో నేను గెలిచిన వాదనను ఎవరో ఇంట్లో కూర్చున్న ఆడమనిషి కాదందని కొంచెం రోషం కూడా వచ్చింది.

“అయ్యో, కాగితాలు నిన్ననే పోస్టులో వెళ్లిపోయాయి తమ్ముడూ” అన్నాను.

వెళ్లలేదు. ఫోటోలు అంటించిన ఆ కాగితాలు బల్ల మీద నా మోచేతి కిందే ఉన్నాయి. అతను ఒక్క క్షణం నిలబడ్డాడు. “పోయినయంటే ఇంకేం చేస్తం సార్” అని నవ్వి, చెప్పులు తొడుక్కుని వెళ్లాడు. కాగితాలు మర్నాటి టపాలో వెళ్లాయి.

వాళ్లు బయల్దేరిన పదమూడో రోజున, పొద్దున ఆఫీసు తెరిచీ తెరవగానే ఫోను మోగింది. శనివారం. నేపాల్ నుంచి ఫోర్‌మన్. ఎక్కడో కొండ మీద చెక్‌పోస్టులో ఉన్న ఫోను, మాట వచ్చి పోతూ ఉంది.

“సార్, మన డ్రిల్లోడికి ఊపిరి ఆడతన్లేదు. రెండ్రోజుల్నించి దగ్గుతున్నాడట, మాకు సెప్పనేదు. రేత్రి మంచు పడి దిగే దారి మూసుకుపోయింది. ఎలికాప్టరు అడిగితే బీమావోళ్ల హామీ కాగితం రావాలంటన్నారు. వొస్తే గంటలో లెగుస్తాదట. ఏటి సేద్దాం సార్?”

ఎత్తు మీద బలంగా నడిచేవాళ్లకే ఈ జబ్బు చాలాసార్లు వస్తుందని తర్వాత మా ఆస్పత్రి డాక్టరు చెప్పాడు. త్వరగా ఎక్కేస్తారు, ఒంట్లో బాగాలేదని చెప్పరు. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. కిందికి దించడమే మందు. అతను ఎందుకు చెప్పలేదో తోటివాళ్లు అడిగితే, నా ఒక్కడి కోసం పదిమంది ఆగాలా అన్నాడట.

నేను ఫైలు తీశాను. అందులో ఏముందో నాకు తెలుసు, అయినా ఎక్కడైనా ఒక సందు దొరక్కపోతుందా అని అక్షరం అక్షరం చదివాను. వైద్య ఖర్చులు అన్న మాట కనిపించింది. దాన్ని పట్టుకుని రాయ్‌పూర్‌లోని మా పెద్ద ఆఫీసుకు ఫోను చేశాను. లైను దొరకడానికి అరగంట, ఆ అధికారి దొరకడానికి ఇంకో అరగంట. ఆయన మంచివాడే, ఓపిగ్గా విన్నాడు. వైద్య ఖర్చులంటే తర్వాత బిల్లులు పంపితే ఇచ్చేవి, ముందుగా హామీ ఇవ్వడం ఈ ప్లానులో లేదు, మొదటి ప్లాను ఎందుకు తీసుకోలేదు అని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా నేను ఇంకో అరగంట వాదించాను. నా సొంత పూచీకత్తు ఇస్తానన్నాను. ఒక గుమాస్తా పూచీకత్తుకు హెలికాప్టరు లేవదని ఆయన చాలా మర్యాదగా చెప్పాడు.

అంతసేపూ నా పక్కనే నిలబడి వింటున్న టైపిస్టు, సార్, గని కంపెనీ జనరల్ మేనేజర్ని అడగకూడదా అంది. ఆ మాట నాకు ఎందుకు తట్టలేదో నాకే తెలియదు. నేను బీమావాణ్ణి కాబట్టి బీమా కాగితంలోనే దారి వెతికాను. పోగొట్టుకున్న చోట కాకుండా దీపం ఉన్న చోట వెతికేవాడి కథ చిన్నప్పుడు విని నవ్వినవాణ్ణే నేను.

జనరల్ మేనేజరు ఆరోజు కొండ మీద తనిఖీలో ఉన్నాడు. జీపు వేసుకుని ఘాట్ రోడ్డు ఎక్కాను. ఆ కొండ మీదికి నేను మొదటిసారి వెళ్లడం అదే. ఎర్ర దుమ్ములో హెల్మెట్టు పెట్టుకుని నిలబడి ఉన్నాడాయన. నేను రొప్పుతూ సగం చెప్పానో లేదో, టైపు చేయించి తెచ్చిన హామీ కాగితం నా చేతిలోంచి లాక్కుని, జీపు బానెట్ మీద పెట్టి సంతకం చేశాడు. చదవనైనా లేదు. నా మనిషి కదా, దీనికి అడగాలా, పొద్దుననే రావలసింది అన్నాడు.

పొద్దుననే రావలసింది. రెండున్నర గంటలు నేను షరతులు చదివాను.

కిందికొచ్చి ఫ్యాక్సు పంపేసరికి ఒంటిగంట దాటింది. హెలికాప్టరు వాళ్లు వెంటనే జవాబిచ్చారు. కాగితం అందింది, అంతా సరిగ్గా ఉంది, కానీ మధ్యాహ్నం మబ్బు దిగిపోయింది, ఇక రేపు పొద్దున్నే అన్నారు. కూలీలు మంచు తవ్వి, అతన్ని వీపు మీద కట్టుకుని దింపడం మొదలుపెట్టారు. నాలుగింటికి ఫోర్‌మన్ మళ్లీ ఫోను చేశాడు. “దారిలోనే పోనాడు సార్” అన్నాడు. ఫోన్లో ఆయన ఊపిరి వినిపించింది. మా టైపిస్టు వచ్చి నా చేతిలోంచి రిసీవరు తీసి పెట్టేసింది.

శవపేటిక విమానంలో రాయ్‌పూర్ వచ్చింది. అక్కడి నుంచి తెచ్చింది మా గని అంబులెన్సే. ఎవరూ అడగలేదు, ఎవరూ సంతకం పెట్టలేదు. జగదల్‌పూర్ నుంచి ఫోర్‌మనూ నేనూ వెనక జీపులో ఉన్నాం. తోంగ్‌పాల్‌లో టీ కోసం ఆపితే ఫోర్‌మన్ దిగలేదు. సుక్మా దాటి, కోంటా వైపు వెళ్లి, తారు రోడ్డు వదిలాక మట్టి దారిలో కొంతదూరం వెళ్లి అంబులెన్సు ఆగిపోయింది. అక్కడి నుంచి అతని ఊరికి ఇంకా మూడు పల్లెలు దాటాలి.

దారి పక్కన పదిహేను మంది దాకా మనుషులు నిలబడి ఉన్నారు. వాళ్ల దగ్గర ఒక నులక మంచం, తలకిందులుగా వెదురు బొంగులకు కట్టి ఉంది. చుట్టాలనుకున్నాను. కాదు, ఆ దారి పక్క పల్లెవాళ్లు. పేటికను మంచం మీదికెక్కించుకుని మోశారు. తమ పొలిమేర దాకా వచ్చి ఆగారు. అక్కడ తర్వాతి పల్లెవాళ్లు సిద్ధంగా ఉన్నారు, మాట్లాడకుండా బొంగుల కింద భుజాలు పెట్టారు. ముందువాళ్లు తువ్వాళ్లతో ముఖం తుడుచుకుని వెనక్కి మళ్లారు. నా పక్కన అతని మేనమామ నడుస్తున్నాడు. వీళ్లకు ఎవరు కబురు పెట్టారని అడిగాను.

“కబురేంది అయ్యా. జరమొచ్చినోడైనా, కాన్పు కష్టమైనా, రోడ్డు దాకా గిట్లనే తెస్తరు. ఎవని పొలిమేరల వాడు మొయ్యాలె. అడిగేదుండదు.”

అప్పుడు నాకు క్లబ్బు హాల్లో వెనక బెంచీ గుర్తొచ్చింది. ఆ హాల్లో ఉన్నవాళ్లందరిలో, మనిషిని దించాలంటే ఎన్ని భుజాలు కావాలో చిన్నప్పటి నుంచీ చూసినవాడు అతనొక్కడే. తెలిసినవాడు అడిగాడు, తెలియనివాణ్ణి నేను నవ్వించాను. మూడో పొలిమేర దగ్గర నేనూ భుజం పెట్టాను. యాభై అడుగులు నడిచానో లేదో మిగతావాళ్ల నడక అందుకోలేకపోయాను, ఎవరో నెమ్మదిగా నన్ను పక్కకు తప్పించి ఆ బొంగు అందుకున్నారు.

టౌన్‌షిప్‌కు తిరిగొచ్చాక జరిగింది మీకు చెప్పాలంటే సిగ్గేస్తుంది. క్లెయిము నేనే దగ్గరుండి చేయించాను, త్వరగా వచ్చింది, రెట్టింపు వచ్చింది. మా బ్రాంచికి పై ఆఫీసు నుంచి మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. మేనేజరు దాన్ని గోడకు అంటించాడు. ముందుచూపున్న మనిషి, ఆ ఇల్లు నిలబెట్టాడు అని బజార్లో నన్ను చూపించి చెప్పుకున్నారు. మరుసటేడు కొండలకు వెళ్లేవాళ్లు వచ్చి, మాకూ ఆ రెండో ప్లానే రాయండి అని పట్టుబట్టారు. నేను రాయనన్నాను. కసిరాను కూడా. ఈయనకేదో అయింది అనుకున్నారు.

ఫోర్‌మన్ ఇంకెప్పుడూ కొండెక్కలేదు. ఆయన తప్పేమీ లేదని చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే, కానీ అది చెప్పాలంటే నేనాడిన అబద్ధం కూడా చెప్పాలి. చెప్పలేదు. ఆయన బదిలీ చేయించుకుని వెళ్లేటప్పుడు నా రెండు చేతులూ పట్టుకున్నాడు, అప్పుడూ చెప్పలేదు.

చెక్కు ఇవ్వడానికి మాత్రం నేనే వెళ్లాలి. డ్రిల్ ఆపరేటరు భార్య పిల్లల్తో ఊరికి వచ్చేసి ఉంది. గని కంపెనీ ఉద్యోగమిస్తామంటే, కోతలయ్యాక చెప్తానందట. ఈసారి మట్టి దారి చివర జీపు దిగి ఒక్కణ్ణే నడిచాను. దారి పొడుగునా ఆమెకు చెప్పవలసిన మాట కూడబలుక్కున్నాను. ఆమె అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. చాప వేసింది, నీళ్లిచ్చింది. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాను, పెట్టింది. ఆ కాగితాన్ని మడిచి దూలం సందులో పెట్టి వచ్చి మళ్లీ గింజలు తీయడం మొదలుపెట్టింది.

“చెల్లమ్మా, ఒక మాట చెప్పాలి” అన్నాను. అంతా చెప్పాను. అతను వచ్చి అడిగిన సంగతి, కాగితాలు పోస్టులో వెళ్లాయని నేనన్న సంగతి, అవి నిజానికి నా మోచేతి కిందే ఉన్న సంగతి. టైపు చేయించడానికి బద్ధకించానని కూడా చెప్పాను. చెప్తుంటే ఏడుపొచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

ఆమె చేతులు ఆగలేదు.

“తెలుసన్నా” అంది. “ఆయన చూసిండు. నీ చెయ్యి కింద ఆయన పోటో ఉన్న కాయితం కనబడ్డదంట. ఇంటికొచ్చి చెప్పిండు.”

“మరి మళ్లీ వచ్చి అడగలేదేం?”

“నేనూ అదే అన్న. మళ్ల పో, గట్టిగ అడుగు అన్న. పోనన్నడు. అబద్ధమాడినవని పెద్దసారుతోని ఎట్ల అంట, ఆయన మొకం చిన్నబోతది అన్నడు.”

అరుగు మీద ఎండ పడుతోంది, ఆమె చేట కొంచెం నీడలోకి జరుపుకుంది. లేచి లోపలికెళ్లి, ఎండ ఎక్కింది, అన్నం తిని పో అన్నా అంది. ఆకలి లేదని చెప్పడానికి నోరు రాలేదు. ఆమె పళ్లెం పెట్టింది. అతను కూర్చునే చోటు అదేనేమో అడగలేదు. కూర్చుని, పెట్టినంతా తిన్నాను.